తల్లి దేహం కూడా అమానతే
(తీరిక లేని తల్లుల ఆరోగ్యం గురించి ఒక పాఠం)

దివ్యఖుర్ఆన్‌లో ఒక తల్లి పేరుతో పూర్తి సూరా ఒకటి ఉంది. అది 19వ సూరా, సూరా మర్యమ్. హజ్రత్ మర్యమ్ (అలైహస్సలాం) ప్రసవ వేదనతో ఒక ఖర్జూరపు చెట్టు మొదలును ఆనుకుని కూర్చున్న ఘట్టం అందులో వస్తుంది. పక్కన కన్నతల్లి లేదు, మంత్రసాని లేదు. ఊరికి తిరిగి వెళితే జనం నిందలు కాచుకుని ఉన్నాయి. ఆ బాధలో, ఇంతకంటే ముందే చనిపోయి ఉంటే బాగుండేదని కూడా ఆమె అనుకున్నారు. అప్పుడు ఆమెకు ఓదార్పు అందింది. బాధపడవద్దని, కాళ్ల దగ్గరే నీటి ఊట ఉందని, చెట్టు మొదలు కదిపితే పండిన ఖర్జూరాలు రాలుతాయని చెప్పడం జరిగింది. తినమని, తాగమని, కళ్లు చల్లబరచుకోమని ఆదేశం వచ్చింది. ఎవరైనా ఎదురుపడి ప్రశ్నిస్తే జవాబు చెప్పవలసిన భారం కూడా ఆమె మీద లేకుండా పోయింది.

సోదరీమణులారా, ఈ వరుసను ఒకసారి గమనించండి. తిండి, నీరు, మనశ్శాంతి, పదిమందికీ జవాబు చెప్పే బరువు నుంచి విడుదల. బిడ్డను కన్న తల్లికి అల్లాహ్ మొట్టమొదట ఏర్పాటు చేసినవి ఇవే. మన ఇళ్లలో ఆ తల్లికి అన్నిటికంటే చివర దక్కేవి కూడా ఇవే.

మా అమ్మీ ఆరుగురు పిల్లల తల్లి. అందరూ దస్తర్‌ఖాన్ మీద నుంచి లేచాక గిన్నె అడుగున మిగిలిన సాలన్‌తో ఆమె తినేది. బియ్యం ఏరుతూ గుప్పెడు పచ్చి బియ్యం నోట్లో వేసుకునేది. మేం నవ్వేవాళ్లం. మేడ మెట్లు నాలుగు ఎక్కితే ఆయాసం వచ్చి ఆగిపోయేది. 'వయసు మీద పడింది' అనేది. అప్పటికి ఆమెకు నలభై రెండేళ్లే. ఒక రోజు వజూ చేస్తూ పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాం. హిమోగ్లోబిన్ 6.8 ఉంది. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: 'పచ్చి బియ్యం, మట్టి, ఐసు లాంటివి తినాలనిపిస్తోందా?' మేం నవ్విన అలవాటు ఇనుము లోపానికి గుర్తని ఆ రోజు తెలిసింది. నెలనెలా అధిక రక్తస్రావం అవుతున్న సంగతి అమ్మీ ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పలేదు. 'నేను పడుకుంటే వండేదెవరు?' అన్నది ఒక్కటే ఆమె సంజాయిషీ.

ఆమె కోలుకుంది, అల్‌హమ్దులిల్లాహ్. కానీ ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే మన మహిళా ఇజ్తెమాలో పదిమంది కూర్చుంటే అందులో ఐదారుగురు.

దేహానికి ఉన్న హక్కు

తన కోసం తాను సమయం తీసుకోవడం స్వార్థమని, ఇంటిల్లిపాదికీ సేవ చేస్తూ అరిగిపోవడమే పుణ్యమని మనలో చాలామంది నమ్ముతారు. దీన్ మనకు నేర్పింది అది కాదు. హజ్రత్ అబూ దర్దా (రజి) పగలంతా ఉపవాసాలతో, రాత్రంతా నమాజులతో గడుపుతుంటే హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఆయనను ఆపారు. తనతో కలిసి భోజనం చేయించారు, రాత్రి నిద్రపుచ్చారు, చివరి జాములో లేపి నమాజు చేయించారు. ప్రభువుకు ఎలా హక్కు ఉందో, మనిషి ప్రాణానికీ, ఇంటివారికీ అలాగే హక్కు ఉందని, ఎవరి హక్కు వారికి ఇవ్వాలని బోధించారు. ఈ సంగతి విన్న దైవప్రవక్త (స) సల్మాన్ చెప్పింది నిజమేనన్నారు. ఆరాధన కోసమైనా దేహం హక్కును కాజేయకూడదంటే, అంట్ల గిన్నెల కోసం కాజేయవచ్చా?

బిడ్డకు పాలిచ్చే కాలం గురించి చెప్పే సూరా బఖరా 233వ ఆయత్‌లోనే ఆ తల్లి తిండి, బట్టల బాధ్యత తండ్రి మీద ఉందని స్పష్టంగా ఉంది. బిడ్డ కారణంగా తల్లికి హాని కలగకూడదని కూడా అక్కడే ఉంది. దేహం మన సొంతం కాదు, అల్లాహ్ అప్పగించిన అమానత్. అమానత్‌ను పాడుచేసి తిరిగి ఇవ్వడం వినయం అనిపించుకోదు.

ఆరు అవసరాలు

యునానీ వైద్యంలో 'అస్బాబె సిత్తా జరూరియా' అని ఒక సూత్రం ఉంది. అంటే బతికినంత కాలం ఏ మనిషీ తప్పించుకోలేని ఆరు అవసరాలు. ఇబ్నె సీనా (980–1037) తన 'అల్ ఖానూన్'లో వీటిని వివరంగా చర్చించారు. గాలి, అన్నపానాలు, దేహానికి పని–విశ్రాంతి, మనసుకు పని–విశ్రాంతి, నిద్ర–మెలకువ, దేహంలో నిలవవలసినవి నిలవడం–పోవలసినవి పోవడం. ఈ ఆరూ సమతూకంలో ఉంటే మందుల అవసరం తగ్గుతుందని హకీములు చెబుతారు. ఒక తల్లి దినచర్యకు వీటిని అన్వయించి చూద్దాం.

1. గాలి, వెలుతురు

పొగ నిండిన వంటగదిలో గంటల తరబడి నిలబడడం ఊపిరితిత్తులకు హాని. కిటికీ తెరిచి వండాలి. గ్యాస్ ఉండి కూడా పొదుపు కోసం కట్టెల పొయ్యి వాడేవారు ఆ పొదుపు ఆసుపత్రిలో ఖర్చవుతుందని గుర్తుంచుకోవాలి.

ఎండ సంగతి పర్దా పాటించే మనకు మరీ ముఖ్యం. చర్మానికి ఎండ తగిలితేనే విటమిన్ డి తయారవుతుంది. అది లేకపోతే తిన్న కాల్షియం ఎముకలకు సరిగా అందదు. నడుము నొప్పి, కాళ్ల పీకులు, మెట్లు ఎక్కలేకపోవడం వంటివి మొదలవుతాయి. పరాయివారి చూపు పడని మేడ మీదో, పెరట్లోనో ముఖం, చేతులు, పాదాలు ఎండకు తగిలేలా 20–30 నిమిషాలు కూర్చోండి. ఏ వేళ అంటే, మన నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉన్న వేళ. వేసవిలో ఉదయం తొమ్మిది గంటలకే అలా ఉంటుంది, చలికాలంలో పన్నెండు గంటల ప్రాంతంలో ఉంటుంది. బట్టలు ఆరేసే పని, కూర తరిగే పని ఆ సమయానికి పెట్టుకుంటే చాలు. నొప్పులు ఎక్కువగా ఉంటే పరీక్ష చేయించుకుని డాక్టరు చెప్పిన మోతాదులోనే విటమిన్ డి తీసుకోవాలి.

2. అన్నపానాలు

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, పురుషుడికి 19 చాలు. నెలసరిలో పోయే రక్తమే ఈ తేడాకు ముఖ్య కారణం. ఎవరికి ఎక్కువ అవసరమో వారికే మన ఇళ్లలో తక్కువ మిగులుతోంది.

ఇనుము ఎక్కడ దొరుకుతుంది? వేట మాంసం, ఖీమా, కలేజీలలో ఉన్న ఇనుము ఒంటికి తేలికగా పడుతుంది. తోటకూర, మునగాకు, శనగలు, పెసలు, నువ్వులు, రాగులు, సజ్జలలోనూ ఉంది, కానీ అది తక్కువగా పడుతుంది. పక్కన నిమ్మరసమో, జామకాయో, ఉసిరికాయో ఉంటే ఎక్కువగా పడుతుంది. ఆకుకూర పప్పు మీద అర చెక్క నిమ్మకాయ పిండుకోవడం చిన్న పని, ఫలితం పెద్దది. గర్భిణులు మాత్రం కలేజీ తినకపోవడం మంచిది. అందులో విటమిన్ ఎ మరీ ఎక్కువ, కడుపులోని బిడ్డకు మంచిది కాదు.

ఇక చాయ్. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే తిన్న ఇనుములో చాలా భాగం ఒంటికి పట్టదు. చాయ్ మానమని చెప్పడం లేదు. భోజనానికి ముందు గంట, తర్వాత గంట వదిలి తాగండి. అసర్ తర్వాత చాయ్ ఎవరికీ అడ్డు కాదు.

ఖర్జూరాలు, బెల్లం తింటే రక్తం పడుతుందని అందరూ అంటారు. ఖర్జూరం శుభప్రదమైన ఆహారం. వెంటనే శక్తినిస్తుంది, మలబద్ధకం పోగొడుతుంది. కానీ దానిలో ఇనుము కొద్దిగానే ఉంటుంది. హిమోగ్లోబిన్ బాగా పడిపోయిన స్త్రీ ఖర్జూరాలతోనే సరిపెట్టుకుంటే నెలలు గడిచిపోతాయి, రక్తం పెరగదు. మా ఇంట్లో జరిగిన పొరపాటు ఇదే.

ఎముకలకు రాగులు మంచివి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. వారానికి మూడు నాలుగుసార్లు రాగి జావ, రాగి రొట్టె చేసుకోవచ్చు. జబ్బుపడినవారికి, దుఃఖంలో ఉన్నవారికి హజ్రత్ ఆయిషా (రజి) తల్బీనా ఇవ్వమనేవారు. అది బార్లీ పిండితో కాచిన జావ. అలసిన రోజున ఒక గిన్నెడు బార్లీ జావలో కాస్త పాలు, తేనె కలిపి తాగితే కడుపుకు, మనసుకు కూడా హాయి.

బాలింతల పథ్యం గురించి ఒక మాట. అచ్వానీ, హరీరా వంటివి మన పెద్దలు ప్రేమతో చేసిపెట్టేవే, తినవచ్చు. కానీ నీళ్లు తక్కువ ఇవ్వడం, కూరగాయలు, పండ్లు మాన్పించడం, నలభై రోజులూ కారప్పొడి అన్నంతో గడిపించడం సరికాదు. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ తిండి, ఎక్కువ నీరు కావాలి. పాలు పెరగడానికి మెంతుల కంటే, పొడుల కంటే బిడ్డకు మాటిమాటికీ పాలు పట్టడమే అసలు మార్గం.

3. దేహానికి పని, విశ్రాంతి

'రోజంతా ఇంటిపని చేస్తున్నాను, ఇంక వ్యాయామం ఎందుకు?' అని అడుగుతారు. ఇంటిపనిలో నడుము వంగుతుంది, చేతులు నొప్పిపడతాయి. గుండెకు, ఊపిరికి కావలసిన ఎడతెగని నడక మాత్రం అందులో తక్కువ. వారానికి 150 నిమిషాల చురుకైన నడక పెద్దలందరికీ అవసరమని వైద్యులు చెబుతారు. పిల్లలను బడికి దింపి వచ్చేటప్పుడు ఆటో ఎక్కకుండా నడిచినా లెక్కే. నమాజులో రుకూ, సజ్దాలను తొందరపడకుండా, వీపు నిటారుగా ఉంచి నెమ్మదిగా చేస్తే కీళ్లకు కూడా మేలు. నమాజు చేసేది అల్లాహ్ కోసమే, ఒంటికి కలిగే లాభం ఆయన అదనంగా ఇచ్చే అనుగ్రహం.

ఇక పని పంపకం. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటిపనుల్లో పాలుపంచుకునేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. సున్నత్ అంటే గడ్డం, టోపీ మాత్రమే కాదు. తిన్న పళ్లెం తానే కడగడం కూడా సున్నత్‌కు దగ్గరి పనే అని మన అబ్బాయిలకు చిన్నప్పుడే నేర్పాలి.

4. మనసుకు పని, విశ్రాంతి

హజ్రత్ ఫాతిమా (రజి)కు తిరగలి తిప్పీ తిప్పీ చేతులు నొప్పిపుట్టేవి. పనిమనిషి కావాలని తండ్రిని అడగడానికి వెళ్లారు. ఆ రాత్రి దైవప్రవక్త (స) స్వయంగా వారింటికి వచ్చి, పడుకునే ముందు సుబ్‌హానల్లాహ్ 33 సార్లు, అల్‌హమ్దులిల్లాహ్ 33 సార్లు, అల్లాహు అక్బర్ 34 సార్లు స్మరించమని, అది పనిమనిషి కంటే మేలైనదని చెప్పారు. ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, రోజు చివర మనసు అల్లాహ్ వైపు తిరిగితే అలసట బరువు తగ్గుతుంది. రెండు, స్వర్గ స్త్రీల నాయకురాలు కూడా 'అలసిపోయాను' అని నోరు తెరిచి చెప్పారు. అలా చెప్పినందుకు ఆమెను ఎవరూ తప్పుపట్టలేదు.

కాన్పు తర్వాత కొద్ది రోజులు ఊరికే ఏడుపు రావడం సహజం. రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే, బిడ్డ మీద మమకారం కలగకపోతే, నిద్రాహారాలు తప్పితే, చచ్చిపోవాలనిపిస్తే అది జబ్బు. దానికి వైద్యం ఉంది. అది ఈమాన్ లోపం కాదు. జిన్ను పట్టిందని తాయెత్తుల వెంట తిప్పి నెలలు పోగొట్టకండి. దుఆ చేస్తూనే డాక్టరుకు చూపించండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.

5. నిద్ర, మెలకువ

ఇషా తర్వాత కబుర్లతో కాలక్షేపం చేయడం దైవప్రవక్త (స)కు ఇష్టం ఉండేది కాదు. ఈ రోజుల్లో ఆ కబుర్లు సెల్‌ఫోన్‌లోకి వచ్చాయి. పిల్లలు పడుకున్నాక 'ఇది నా సమయం' అని పన్నెండింటి దాకా ఫోన్ చూస్తే ఫజ్ర్‌కు లేచే ఒంటికి నాలుగైదు గంటల నిద్రే మిగులుతుంది. ఇషా తర్వాత గంటలోపు పక్క మీదికి చేరే అలవాటు చేసుకోండి. పసిబిడ్డ తల్లికి ఇది సాధ్యం కాదు. ఆమెకు ఖైలూలా ఉంది, అంటే మధ్యాహ్నపు కునుకు. బిడ్డ పడుకున్నప్పుడు పని మొదలుపెట్టకుండా ఆమె కూడా పడుకోవాలి. ఆ అరగంట ఇంటి తలుపు కాపు కాయవలసింది అత్తగారో, ఆడబిడ్డో, భర్తో.

6. నిలవడం, పోవడం

దీని గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. పెళ్లిళ్లలో, ప్రయాణాల్లో, పనిచేసే చోట సరైన మరుగుదొడ్డి లేదని మన ఆడవాళ్లు మూత్రం ఆపుకుంటారు. ఆపుకోవలసి వస్తుందని నీళ్లే తాగరు. దానితో మూత్రంలో మంట, జ్వరం, పదేపదే ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. మలమూత్రాల ఒత్తిడిని ఆపుకుంటూ నమాజు చేయవద్దని హదీసు ఉంది. నమాజు కంటే ముఖ్యమైన పని ఏముంది గనుక దానికోసం ఆపుకోవాలి?

కాన్పుల తర్వాత దగ్గినా, తుమ్మినా మూత్రం చుక్కలుగా పడే బాధ చాలామందికి ఉంటుంది. వజూ నిలవదనే దిగులుతో కుమిలిపోతారు గానీ చెప్పుకోరు. ఇది కటి భాగపు కండరాలు సడలడం వల్ల వచ్చేది. మూత్రాన్ని ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను ఐదు సెకన్లు బిగించి, ఐదు సెకన్లు వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలా చేయాలి. మూత్రం పోసేటప్పుడు మాత్రం ఈ వ్యాయామం చేయకూడదు. మూడు నెలలు మానకుండా చేస్తే చాలామందికి మెరుగవుతుంది. తగ్గకపోతే లేడీ డాక్టరును కలవాలి. ఈలోగా నమాజు వదలకండి. ఇలాంటి బాధ ఉన్నవారికి వజూ విషయంలో షరీఅత్ సడలింపు ఇచ్చింది. ఆ వివరం ఆలిమాను అడిగి తెలుసుకోండి.

సహజం అన్నదల్లా క్షేమం కాదు

కలోంజీ, తేనె, అల్లం, వాము, పసుపు మన వంటింటి నిధులు. జలుబుకు, అజీర్తికి, కడుపుబ్బరానికి వాడుకోవచ్చు. ఏడాది నిండని బిడ్డకు మాత్రం తేనె నాకించకూడదు. అలాగే కలోంజీ తింటున్నామని బీపీ, షుగరు మాత్రలు మానేయడం ప్రమాదం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు 'ఆకులతో చేసిందే కదా' అని పేరు తెలియని పొడులు, భస్మాలు వాడకూడదు. కొన్ని భస్మాలలో సీసం, పాదరసం ఉంటాయి. యునానీ మందులు కావాలంటే అర్హత ఉన్న హకీమును కలవండి, ఇతర మందులు వాడుతున్న సంగతి ఆయనకు దాచకుండా చెప్పండి. ప్రతి రోగానికీ అల్లాహ్ చికిత్సను కూడా సృష్టించాడని, వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) బోధించారు. తవక్కుల్ అంటే వైద్యం మానుకోవడం కాదు.

ఈ కింది గుర్తులు కనిపిస్తే చిట్కాలతో కాలయాపన చేయవద్దు:

• నెలసరి వారం దాటినా ఆగకపోవడం, గడ్డలు పడడం, నెలసరి ఆగిపోయిన వయసులో మళ్లీ రక్తం కనిపించడం
• నాలుగు అడుగులకే ఆయాసం, గుండెదడ, పచ్చి బియ్యం లేదా మట్టి తినాలనిపించడం
• గర్భిణికి తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాయడం
• కాన్పు తర్వాత జ్వరం, దుర్వాసన, అధిక రక్తస్రావం
• రొమ్ములో గడ్డ తగలడం, నొప్పి లేకపోయినా సరే

స్త్రీకి స్త్రీ వైద్యురాలు దొరికితే మంచిది. దొరకనప్పుడు అవసరం మేరకు పురుష వైద్యుడికి చూపించుకోవడానికి షరీఅత్ అనుమతి ఉంది. సిగ్గు ఈమాన్‌లో భాగమే, కానీ ప్రాణం మీదికి తెచ్చే సిగ్గును దీన్ కోరలేదు.

రమజాన్ విషయంలోనూ ఇంతే. గర్భిణికి, పాలిచ్చే తల్లికి తనకో, బిడ్డకో హాని కలుగుతుందన్న భయం ఉంటే ఉపవాసం వాయిదా వేసుకునే సౌలభ్యం ఉంది. అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాన్ని చిన్నబుచ్చుకోకుండా స్వీకరించాలి. తర్వాత ఎలా పూర్తిచేయాలో ఆలిములను అడగాలి.

ఈ నెలలో చేయవలసిన మూడు పనులు

చదివి పక్కన పెట్టేస్తే ప్రయోజనం లేదు. మూడే పనులు చెబుతాను.

మొదటిది, హిమోగ్లోబిన్ పరీక్ష. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చేస్తారు. గర్భం లేని స్త్రీకి 12, గర్భిణికి 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత. గర్భం లేని స్త్రీకి 8 కంటే, గర్భిణికి 7 కంటే తగ్గితే తీవ్రమైనది, ఆ రోజే డాక్టరును కలవాలి. ఇనుము మాత్రలు ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతాయి. వాటిని చాయ్‌తో, పాలతో, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దు. విరేచనం నల్లగా వస్తే భయపడవద్దు, అది మాత్ర రంగే. కడుపులో తిప్పితే రాత్రి భోజనం తర్వాత వేసుకోండి. రక్తం పెరిగింది కదా అని మధ్యలో మానకుండా డాక్టరు చెప్పినన్ని నెలలు వాడండి. రక్తం ఎందుకు తగ్గిందో కారణం కూడా తప్పక కనుక్కోండి. ముప్పై ఏళ్లు దాటినవారు అదే కేంద్రంలో బీపీ, షుగరు కూడా చూపించుకోవాలి.

రెండవది, అందరితో కలిసి దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తినడం. వడ్డించడం అయ్యాక తింటానని అనవద్దు. ఉన్న నాలుగు మాంసం ముక్కల్లో ఒకటి మీది.

మూడవది, రోజుకు అరగంట మీకోసం. నడవండి, ఎండలో కూర్చోండి, ఖుర్ఆన్ చదవండి, లేదా కళ్లు మూసుకుని పడుకోండి. దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వవలసిన పని లేదు.

భర్తలకు, కొడుకులకు ఒక విన్నపం. పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, వెనుక వరుసలో ఉన్న తల్లి మనసు కష్టపడుతుందని దైవప్రవక్త (స) నమాజునే కుదించేవారు. మనం మన కబుర్లను, మన చాయ్ ఆర్డర్లను కుదించుకోలేమా? ఈ రాత్రి ఇంటికి వెళ్లి 'నువ్వు తిన్నావా?' అని అడగండి. జవాబు కోసం ఆగండి. మా అమ్మీని మేం ఆ ప్రశ్న అడగడానికి చాలా ఏళ్లు పట్టింది.

అల్లాహ్ మన తల్లులందరికీ ఆరోగ్యంతో కూడిన దీర్ఘాయుష్షును ప్రసాదించుగాక! వారికి సేవ చేసుకునే భాగ్యాన్ని మనకు ఇచ్చుగాక! వెళ్లిపోయిన తల్లుల సమాధులను కాంతితో నింపుగాక! ఆమీన్.